రోజుకు మూడు దమ్ములు

అమ్మాయిలూ, మీరు నర్సు చదువు చదువుకుని, చేతికి గడియారం పెట్టుకుని ఈ పనిలోకి వస్తున్నారు. నేను సంచి మోస్తూ వచ్చాను. ఆసుపత్రి కాగితాల్లో నా ఉద్యోగానికి ఏదో పెద్ద పేరు ఉండేది గానీ, అది చదవడం నాకు రాదు, ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవనూ లేదు. ఆయా అనేవాళ్లు, బాయి అనేవాళ్లు. సంతకం ఒక్కటి వచ్చు. అదీ హాజరు పుస్తకం కోసం నేర్చుకున్నదే. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే పక్కింటి మాష్టారు రాస్తున్నారు. నేను "ఏటి" అంటే ఆయన "ఏమిటి" అని రాస్తున్నారు. నా మాటలకు ఇస్త్రీ చేసుకోండి గానీ కొత్త గుడ్డ వేయకండి బాబూ అన్నాను. నువ్వు చెప్పే కథ వరకు సరిచేస్తాను, అప్పట్లో అన్న మాటలు అన్నవి అన్నట్టే పెడతాను అని ఒప్పుకున్నారు.

మా ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో పనిచేస్తూ ఛాతీ జబ్బుతో పోయాడు. ఆయన పోయాక నాకు ఆసుపత్రిలో పని ఇచ్చారు. వేశారు కూడా ఎక్కడ, ఛాతీ జబ్బుల వార్డులోనే. తొంభైల మొదట్లో మాట. ఆ వార్డులో ఉండేవాళ్లలో సగంమంది రిటైరైన ముసలివాళ్లు. ఆయాసంతో వస్తారు, ముక్కుకు గొట్టం పెట్టించుకుంటారు, కాస్త తేరుకుని ఇంటికెళ్తారు, పది రోజులకు మళ్లీ అదే మంచం మీదికి వస్తారు. కొందరు చెప్పులు మంచం కింద వదిలే వెళ్లేవాళ్లు, ఎలాగూ వస్తాం కదా అని.

వార్డు సిస్టరు కేరళ మనిషి. భిలాయిలో పాతికేళ్లుగా ఉన్నా ఆవిడ హిందీ ఇంకా కొబ్బరినూనెలోనే వేగి వచ్చేది. ఆవిడే ఒకరోజు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, వారానికి రెండు రోజులు వీళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తానంది. డాక్టరు మంచివాడే. "వీళ్ల ఊపిరితిత్తులు ఇక బాగుపడవు సిస్టర్, ఇంటికెళ్లి మీరేం చేస్తారు?" అన్నాడట. "ఊపిరితిత్తుల సంగతి మీరు చూడండి, ఊపిరి సంగతి నేను చూస్తాను" అందట ఈవిడ. ఇప్పుడు మీకు దీనికి ఇంగ్లీషులో పొడుగు పేరొకటి ఉంది. మేము సంచి డ్యూటీ అనేవాళ్లం.

మంగళవారం, శుక్రవారం. సిస్టరు మోపెడ్ నడిపేది, నేను వెనక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. పవర్ హౌస్ పేట వైపు ఎత్తు వచ్చేసరికి బండి మా ఇద్దరినీ మోయనని మొరాయించేది. అప్పుడు నేను దిగి వెనక నుంచి తోసేదాన్ని. మా డ్యూటీలో ఉన్న ముసలివాళ్లు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లే, హిందీలో పని చేశారు గానీ జబ్బు మాత్రం తెలుగులోనే చెప్పుకునేవాళ్లు. అందుకని సిస్టరు హిందీలో అంటే నేను తెలుగు చేయాలి, వాళ్లు తెలుగులో అంటే నేను హిందీ చేయాలి. బండి తోయడం కన్నా ఇదే కష్టం. ఇందులోనే నేను బోర్లాపడ్డాను.

ఆ ఇంటాయన ఖలాసీగా రిటైరయ్యాడు. ఖలాసీ అంటే ప్లాంటులో పెద్ద పెద్ద బరువులు తాళ్లు కట్టి లాగి, ఎత్తి, చోటు మార్చే మనిషి. ఒకప్పటి భుజాలు అలాగే ఉన్నాయి, వాటి మీద చొక్కా మాత్రం కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. ఆయన బీడీలు ఎన్ని కాల్చాడో ఆ దేవుడు కూడా లెక్కపెట్టడం మానేసి ఉంటాడు. కొడుకు ప్లాంటులోనే షిఫ్టు డ్యూటీ, కొడుకు క్వార్టర్లోనే ఈ ముసలిజంట. మా అత్తవారి ఊరికి దగ్గరి వాళ్లని తెలిసి నేను మావ, అత్త అని వరస కలిపేశాను. దాంతో నాకు గౌరవం పోయింది, తిట్లు పెరిగాయి.

ఆ వానాకాలంలో మావ మూడుసార్లు వార్డులో పడ్డాడు. మూడోసారి ఇంటికి పంపాక మేము మొదటిసారి వెళ్లాం. సిస్టరు సంచిలోంచి మందు పీల్చే పంపు తీసింది. నోట్లో పెట్టుకుని నొక్కి, లోపలికి పీల్చి, కాస్త ఆపి వదలాలి. ఆవిడ తన హిందీలో "దాదా, లంబా దమ్ ఖీంచో, దిన్ మే తీన్ బార్" అంది. పొడుగ్గా ఊపిరి లాగు, రోజుకు మూడుసార్లు అని. హిందీలో దమ్ అంటే ఊపిరి. మనకూ దమ్ము ఉంది కదా అని నేను తెలివికి పోయాను.

"మావా, రోజుకి మూడుపాలు గట్టిగా దమ్ము లాగమంతంది సిస్టరమ్మ. లాగీసి, లోపలాపి, మెల్లగా ఒగ్గాల" అన్నాను.

మావ కళ్లు మెరిశాయి. "మరోపాలి సెప్పు."

"దమ్ము లాగాల. రోజుకి మూడు."

"ఆవిడే అందా? నువ్వు కలిపినావా?"

"నానెందుకు కలుపుతాను? ఆవిడే అంది."

ఆయన మంచంమీద కూర్చునే సిస్టరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సిస్టరు ముచ్చటపడింది. ఇంత వినయంగా మందు పుచ్చుకునే మనిషిని చూడలేదని బండి మీద నాతో అంది కూడా.

శుక్రవారం వెళ్లేసరికి అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో పాత డబ్బామూత. అందులో తొమ్మిది బీడీ ముక్కలు, వరసగా పేర్చి.

"రోజుకి మూడు లెక్కన మూడ్రోజులు" అంది. "ఒకపూట కూడా మానలేదు. నానేమన్నా అంటే, ఆసుపత్రోళ్ల ఆర్డరు, కావాలంటే ఆ ఆయాగుంటనడుగు అంతన్నాడు. ఏటే, నా మీద ఏటైనా పగుందా నీకు?"

సిస్టరు "క్యా హువా?" అంది. ఏం చెప్పను? చెప్పాను. మన వైపు దమ్ము లాగడమంటే బీడీ పీల్చడమని, నా తెలుగే ఆయన చేత మూడురోజులు బీడీలు కాల్పించిందని. సిస్టరు మొహం మొదట ఎర్రబడింది. తర్వాత గోడ పట్టుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక ఆవిడే దగ్గడం మొదలెట్టింది. మావ నెమ్మదిగా, "ఆవిడిక్కూడా ఓ పంపు ఇప్పించండి" అన్నాడు.

"మరి ఆ పంపు దేనికనుకున్నావు మావా?" అన్నాను ఏడుపుగొంతుతో.

"బీడీ కాల్సినాక దగ్గొత్తాది గదా, దానికనుకున్నాను."

నిజంగా తెలియక చేశాడా, తెలిసే నా పొరపాటును అందిపుచ్చుకున్నాడా అన్నది నాకిప్పటికీ తెలీదు. అత్తకు తెలుసు. ఆవిడ ఆ డబ్బామూత ఆయన ముందు నేలమీద పెట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో బీడీ కనబడలేదు.

అమ్మాయిలూ, అందుకే చెబుతున్నాను. రోగికి ఏదైనా చెప్పాక, నేనేం చెప్పానో నువ్వు చెప్పు అని తిరిగి అడగండి. మేము అప్పటినుంచి అలాగే చేశాం.

పంపు సంగతి చక్కబడింది గానీ ఊపిరి వదలడం మాత్రం రాలేదు. ఈ జబ్బువాళ్లకు గాలి లోపలికి వెళ్లడం కన్నా బయటికి రావడమే కష్టమట. పాతగాలి లోపలే చిక్కుకుని కొత్తగాలికి చోటివ్వదట. దానికి మూతి సున్నాలా ముడిచి, నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. సిస్టరు చేసి చూపించింది.

మావ నావైపు తిరిగాడు. "ఏటే, ముద్దెట్టమంతంది?"

అత్త నెత్తి కొట్టుకుంది. నేను, "కాదు మావా, పొయ్యి ఊదినట్టు ఊదాల" అన్నాను. పొయ్యి తానెప్పుడూ ఊదలేదన్నాడు. అది నిజమే, అత్త సాక్ష్యం చెప్పింది. వేడి టీ ఊదినట్టు అన్నాను. టీ చల్లార్చుకుని తాగుతాడట. ఆ రోజు ఆయనకు ఏ పోలికా ఆనలేదు.

దారి దొరికింది మంచం వల్ల. గాలి తగలాలని మావ ఇనుపమంచాన్ని కిటికీ దగ్గరికి జరపమంది సిస్టరు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ అత్తా చెరో కోడూ పట్టుకుని లాగాం. మంచం కదల్లేదు. నేను లాగినప్పుడు ఆవిడ ఆగింది, ఆవిడ లాగినప్పుడు నేను ఆగాను. కుర్చీలో ఉన్న మనిషి ముప్పైయేళ్లు బరువులు లాగినవాడు. చూడలేకపోయాడు.

"సీ, అలగ కాదే! ఇద్దరూ ఒక్కపాలే లాగాల. మేట్ మాట ఇనాల." మేట్ అంటే ఖలాసీల గుంపుకు పెద్ద. "నాను సెప్తాను, ఇనండి. జోర్ లగాకే..." అని ఆగి ముక్కుతో ఊపిరి తీసుకుని, "హైస్స్స్సా!" అని పొడుగ్గా వదిలాడు. మంచం గోడదాకా వెళ్లిపోయింది.

మేమిద్దరం మంచాన్ని చూస్తున్నాం. సిస్టరు మంచాన్ని చూడలేదు. ఆయన భుజాలు చూస్తోంది. పొద్దున్నుంచీ చెవులదాకా లేచి ఉన్న భుజాలు ఆ హైస్సాతో కిందికి దిగాయి. పెదవులు వాటంతటవే సన్నగా ముడుచుకున్నాయి. "ఫిర్ సే బోలో దాదా" అంది. ఆయన మళ్లీ అన్నాడు. మళ్లీ దిగాయి.

అలా కుదిరింది. ఒకరు బలం పెట్టమని "జోర్ లగాకే" అనాలి. అప్పుడు ఆయన మాట్లాడకుండా ముక్కుతో గాలి తీసుకోవాలి. తర్వాత "హైస్సా" అని పొడుగ్గా ఆయన వదలాలి. రెండు లెక్కపెట్టేదాకా లోపలికి, నాలుగు లెక్కపెట్టేదాకా బయటికి. ముందు అనే పని అత్తకు అప్పజెప్పింది సిస్టరు.

"ఇన్నేళ్లకి నాకు మేట్ ప్రమోసనొచ్చింది" అంది అత్త. "ముసిలోడా, ఇంక నా మాటినాల."

"ఎప్పుడినలేదే?"

"బీడీలప్పుడు."

అప్పటినుంచి పొద్దున్నే ఆ క్వార్టర్లోంచి "జోర్ లగాకే" వినబడేది. మంచం నుంచి స్నానాలగదికి వెళ్లాలంటే రెండు హైస్సాలు. చొక్కా వేసుకోవాలంటే ఒకటి. పైవాటావాళ్లు, వీళ్లింట్లో రోజూ ఏ బీరువా జరుపుతున్నారని అడిగారట.

ఇక అసలు సంగతి. చలి మొదలయ్యే రోజుల్లో, ఒక మంగళవారం మావ సిస్టరును మంచం దగ్గర కూర్చోమన్నాడు. నన్ను చూసి, "ఈసారి సరింగా సెప్పే, బీడీల్లాగ కాదు" అన్నాడు.

"నన్ను మరి ఆ వార్డుకి అట్టుకెళ్లొద్దని సెప్పు. ఆ మంచం ఎత్తు. కూకుంటే కాళ్లు నేలకానవు. కాళ్లానకపోతే ఏ ఖలాసీ బరువు లాగ్గలడు? ముక్కుమీద మూకుడెట్టి, నాను తీసేత్తన్నానని సెయ్యి మంచానికి కట్టీసినారు. వాళ్ల తప్పు కాదు, వాళ్ల పని వాళ్లు సేసినారు. పోయేదెలాగా పోతాను. ఇక్కడ పోతాను. మా ముసిల్దాని తిట్లింటా పోతాను."

ఒక్క మాట తగ్గించకుండా, కలపకుండా చెప్పాను. ఆ తర్వాత సిస్టరు ఆయన్నే, ఏం చెప్పారో మళ్లీ చెప్పండి అంది. తల అడ్డంగా ఊపి, వేలితో నేల చూపించాడు. ఇక్కడే అని.

సిస్టరు తేలిగ్గా తీసుకోలేదు. వెళ్లి పెద్ద డాక్టరుతో మాట్లాడింది. ఆయన స్వయంగా వచ్చి పరీక్ష చేసి, వార్డులో ఇక కొత్తగా ఇవ్వగలిగిందేమీ లేదు, ఆయాసం తగ్గించే మందులు ఇంట్లోనే వాడవచ్చు, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఆయన ఇష్టమే కానివ్వండి అన్నాడు. కొడుకు తలొంచుకుని, నాన్న ఎలా అంటే అలా అన్నాడు. ఒప్పుకోనిది అత్త.

"అలగెలాగ? రేపు ఆయాసమొచ్చి కొట్టుకుంతంటే నాను సూత్తా కూకోవాలా? నలుగురూ ఏటంతారు? ఆస్పత్రి పక్కనెట్టుకుని ముసిలోణ్ణి ఇంట్లో ఒగ్గేసింది అంతారు. మీకేటి, సంచీ అట్టుకుని ఎల్పోతారు."

సిస్టరు వాదించలేదు. ఒప్పుకోనక్కర్లేదు, ఆ సమయానికి మీకేది తోస్తే అదే చేయండి, అంబులెన్సు పిలిచినా తప్పు లేదు, కానీ ముందు ఏం చేయాలో మాత్రం నేర్చుకోండి అంది. ఆయన్ని ముందుకు వంచి కూర్చోబెట్టాలి. ఎదుట స్టూలు మీద దిండు పెట్టి దానిమీద మోచేతులు ఆనించాలి. పాదాలు నేలకు ఆనాలి. టేబుల్ ఫ్యాను మొహం మీదికి తిప్పాలి, చలైనా సరే. ఏ మాత్ర ఎప్పుడో. ఆవిడకూ చదువు రాదు, నాకూ రాదు. అందుకని సిస్టరు ఇవన్నీ అట్టమీద బొమ్మలు గీసి గోడకు తగిలించింది. బొమ్మలో ఆడమనిషిని చూసి అత్త, "ఇది నానా? ఇంత ముక్కా నాకు?" అని రెండు వారాలు గొణిగింది.

నేను మాత్రం ఆ బొమ్మలతో పెద్ద పంతులమ్మనైపోయాను. ఏ ఇంటికెళ్లినా, "గాబరా పడకండి. మీరు గాబరా పడితే ఆయన ఊపిరి ఇంకా బిగుసుకుంతాది. మొట్టమొదలు మీరు కూకోండి" అని చెప్పేదాన్ని. చెయ్యి నడుంమీద పెట్టుకుని మరీ. సిస్టరు కూడా అంత ఠీవిగా చెప్పేది కాదు.

ఇంతలో పుష్యమాసం చలి దిగింది. ఆ రోజు శుక్రవారం. సిస్టరుకు నందిని గనుల కాలనీలో ఇంకో ముసలాయన్ని చూడాల్సి వచ్చి పొద్దున్నే అటు వెళ్లింది. మావ ఇంట్లో మాత్రలు, పంపులో మందు అయిపోవచ్చాయి, కొత్తవి ఇచ్చి ఓసారి చూసి రా అని నన్ను ఒక్కదాన్నే పంపింది. ఒంటరిగా సంచి డ్యూటీ! నేను దారిపొడవునా సిస్టరులాగే నడిచాను.

పదింటికి వెళ్లాను. కొడుకు పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. తలుపు తీసే ఉంది. మావ మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో పరుపు పట్టుకుని, నోరు తెరిచి, చేప కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడలో నరాలు తాళ్లలా లేచాయి. ఒక్క మాట రావడం లేదు. అత్త ఆయన వీపుమీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నన్ను చూసి, "వొచ్చినావా తల్లీ" అంది.

అమ్మాయిలూ, నేనేం చేశానో చెబుతాను. సంచి గుమ్మంలో పడేశాను. కొత్త పంపు అందులోనే ఉంది. ఇంటింటికీ చెప్పిన మాట ఒక్కటి కూడా గుర్తులేదు. గోడమీద బొమ్మ నా ఎదురుగానే ఉంది. వెనక్కి తిరిగి పరుగెత్తాను. రెండు బ్లాకులు దాటి ఫోను బూత్. ఒక చెప్పు దారిలో ఊడిపోయింది. బూత్‌లో ఎవరో బంధువులతో పెళ్లి కబుర్లు చెబుతుంటే చేతిలోంచి ఫోను లాక్కుని అంబులెన్సు పిలిచాను. మావ చేతిని మంచానికి కట్టిన ఆ వార్డుకే. ఆయన మాటను తెలుగులోంచి హిందీలోకి పొల్లు పోకుండా చెప్పినదాన్ని నేనే.

తిరిగి వచ్చేసరికి టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మావ కుర్చీలో ముందుకు వంగి, దిండుమీద మోచేతులు ఆన్చి ఉన్నాడు. పాదాలు నేలమీద. నా సంచి తెరిచి పంపు తీసింది అత్తే. ఆయన ఎదురుగా నేలమీద చతికిలబడి, ఆయన రెండు మోకాళ్లమీద చేతులు వేసి, పిల్లలకు లాలి పాడినంత నెమ్మదిగా అంటోంది.

"జోర్ లగాకే... ఊఁ, ఇప్పుడొగ్గు. తొందర నేదు. బరువు పెద్దదే, ఉండు. జోర్ లగాకే..."

ఆయన గొంతులోంచి మొదట సగం హై వచ్చింది. తర్వాత హైస్. చాలాసేపటికి పూర్తి హైస్సా. పెదవుల నీలం తగ్గింది. నేను గుమ్మంలో ఒక చెప్పుతో నిలబడి ఉన్నాను.

అప్పుడే అంబులెన్సు వచ్చింది. దాంతోపాటు ఇరుగుపొరుగు. డ్రైవరు ఛత్తీస్‌గఢీ మనిషి, స్ట్రెచరు భుజాన వేసుకుని రోగి ఎవరని "మరీజ్ కౌన్ హై?" అంటూ లోపలికి రాబోయాడు. అత్త లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక్కి తిరక్కుండానే, "ఏటయ్యా, ఎల్తావా?" అని అడిగింది. మావ వేలెత్తి అడ్డంగా ఊపాడు.

"కోయీ నహీ జాతా" అంది అత్త డ్రైవరుతో, ఎవరూ రావడం లేదని. "చాయ్ పీకే జా బాబూ."

"మాఁజీ, తో ఫోన్ కిస్‌నే కియా?" మరి ఫోను చేసిందెవరని అతని ప్రశ్న.

అందరూ నావైపు చూశారు. అత్త కూడా చూసింది. ఒక చెప్పు, ఊడిన జుట్టు, వగరుస్తున్న నోరు.

"ఇదిగో, దీన్నట్టుకెళ్లండి" అంది. "ఇంట్లో అందరికన్నా దీనికే ఎక్కువాయాసంగున్నాది."

మావ నవ్వబోయి దగ్గాడు. పైవాటాలో ఉండే ఆవిడ మాత్రం నవ్వలేదు. "తీసుకెళ్లనివ్వండి పిన్నీ, రేపు ఏదైనా అయితే?" అంది. కొన్ని వారాలుగా ఆ మాటకే భయపడుతున్న అత్త వైపు చూశాను. అత్త పైట దోపుకుంది.

"అయితే నా సేతిలో అవుద్ది" అంది. "ఆసుపత్రోళ్ల సేతిలో అయితే పరవానేదు, నా సేతిలో అయితే తప్పేటి? నాను పరాయిదాన్నా?"

డ్రైవరు నిజంగానే టీ తాగి వెళ్లాడు.

ఈ సంగతి సిస్టరుకు ఎలా చెప్పాలా అని నేను దారంతా అబద్ధాలు కుట్టుకున్నాను. పైవాటావిడ ఫోను చేసిందని చెబుదామనుకున్నాను. ఆసుపత్రికి చేరేసరికి అంబులెన్సు డ్రైవరు నాకన్నా ముందు చేరి, ఒంటిచెప్పు ఆయా కథ గేటు దగ్గర అందరికీ చెప్పేశాడు. నందిని నుంచి వచ్చిన సిస్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మంగళవారం ఆ ఇంటికి తీసుకెళ్లి, అత్తను చూపించి, "ఆజ్ మాఁజీ టీచర్, తుమ్ స్టూడెంట్" అంది. అత్త నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వంచి, దిండు పెట్టి, అన్నీ ఒకటొకటిగా నేర్పింది. తర్వాత నేను చేసి చూపించాను. మావ పరీక్ష పెట్టాడు. "దిండు మర్సిపోయింది. ఫేలు" అన్నాడు. మళ్లీ చేయించారు. రెండోసారి కూడా ఫేలే. మూడోసారికి, "పోనీలే, పాసు సేసేయండి, ఏడిసేత్తాది" అన్నాడు.

తర్వాత ఎక్కువ రోజులు లేడు. తిండి తగ్గింది, నిద్ర పెరిగింది. ఆయాసం వచ్చినా అత్త చేతికి లొంగేది. సిస్టరు రోజు విడిచి రోజు వచ్చి మందులు సరిచేసేది. ఒకరోజు పొద్దున్నే కొడుకు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. "అమ్మ రమ్మంటోంది. సిస్టరుకు కూడా చెప్పి వచ్చాను, ఆవిడ మధ్యాహ్నం వస్తుంది" అన్నాడు.

వెళ్లేసరికి మావ పక్కకు ఒరిగి, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆయాసం లేదు. ఊపిరి చాలా దూరం నుంచి వస్తున్నట్టు, ఒకటి వచ్చాక ఇంకొకటి ఆలోచించుకుని వస్తోంది. పిలిస్తే కళ్లు తెరవలేదు. కొడుకు బంధువులకు కబురు చెప్పడానికి వెళ్లాడు. అత్త ఒకవైపు, నేను ఒకవైపు కూర్చున్నాం.

"ఆయేల అలగ పరిగెత్తినావేటే?" అని అడిగింది ఆవిడ. ఇన్నాళ్లూ ఎగతాళి చేసిందే తప్ప అడగలేదు.

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆవిడకు చెప్పాను. మా ఆయనకు ఆయాసం వచ్చిన రోజు నేను వీధిలో బండి కోసం వెతికి వెతికి ఆలస్యంగా వార్డుకు చేర్చాను. లోపలికి తీసుకెళ్లి నన్ను బయట ఉండమన్నారు. కాసేపటికి ఎవరో తెల్లకోటు వచ్చి, అయిపోయిందమ్మా, పది నిమిషాలు ముందొస్తే బాగుండేది అన్నారు. ఆయనెవరో, తర్వాత ఎక్కడికి పోయాడో తెలీదు. ఆ పది నిమిషాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. మావ పెదవులు నీలంగా చూడగానే అవి నన్ను తరిమాయి.

అత్త మావ పాదం రాస్తూ విన్నది. ఓదార్చలేదు. ఓదార్చే మనిషి కాదు.

"పది నిమిషాలు ముందెల్తే ఏటయ్యేది?" అంది. "పది నిమిషాలు ముందే నీ కాణ్నుంచి లోపలికట్టుకెల్పోదురు. ఆలీసం అవబట్టే ఆ కాసేపైనా నీ పక్కనున్నాడు."

ఆ మాట ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, ఏ సిస్టరూ చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. ఇంకో చేత్తో మావ పాదం రాస్తూనే ఉంది.

భోజనాల వేళకు ఊపిరి ఇంకా దూరం వెళ్లింది. ఒకటి వచ్చింది. చాలాసేపు చూశాం. ఇంకొకటి రాలేదు. అత్త నా మొహం చూసింది. నేను ఆయన ఛాతీమీద చెయ్యి పెట్టి, తల ఊపాను.

"సూడు, ఓ మాట సెప్పి ఎల్లినాడేటి?" అంది ఆవిడ. "డూటీకీ అంతే. నాను వొంటింట్లో ఉంటే సప్పుడు సెయ్యకండా తలుపు జేరేసి ఎల్పోయేవోడు."

సిస్టరు రావడానికి ఇంకా గంట ఉంది. కొడుకు రాలేదు. మేమిద్దరం అక్కడే, ఆయనకు చెరోవైపు కూర్చున్నాం. వెంటనే లేవలేదు. ఎక్కడికీ పరుగెత్తాల్సిన పని లేదు.